రెండు తీగల మీద ఒక కాగితం

ఎస్టీడీ బూతుల కాలంలో ఫోన్‌లో తరచూ వినపడిన మాట ఒకటుంది: “టోన్ ఇవ్వండి.” ఇవతల ఒకరు కాగితాన్ని యంత్రంలో పెట్టుకుని రిసీవర్ పట్టుకుని నిలబడతారు. అవతల ఇంకొకరు స్టార్ట్ బటన్ నొక్కుతారు. చెవిలో సన్నటి కూత మొదలవుతుంది. ఇవతలివారూ స్టార్ట్ నొక్కి రిసీవర్ పెట్టేస్తే ఇక మనుషులకు అక్కడ పనిలేదు. ఆ తర్వాత పది పదిహేను సెకన్లపాటు రెండు యంత్రాలు తమలో తాము మాట్లాడుకుంటాయి. ఆ మాటలు మనకు కుయ్యిమనే కూతలుగా, గరగరలుగా వినపడేవి కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. నా దృష్టిలో మాత్రం ఇరవయ్యో శతాబ్దపు ఇంజనీర్లు అత్యంత శ్రద్ధగా చెక్కిన పనుల్లో అదొకటి. ఎక్కడ చూసినా ముందుచూపు కనిపిస్తుంది. ఏ మాటా పరీక్షించకుండా నమ్మరు, ఏ మాటకూ జవాబు రాకుండా ముందుకు కదలరు.

పని ఎంత కష్టమో ముందు చూద్దాం. టెలిఫోన్ లైను మనిషి గొంతు కోసం పుట్టింది. సెకనుకు 300 కంపనాల నుంచి 3400 కంపనాల వరకు ఉన్న ధ్వనిని అది మోస్తుంది, మిగతాది దారిలోనే పోతుంది. ఉన్నవి రెండు తీగలు. రెండు చివరల ఉన్న యంత్రాలు ఒకదాన్నొకటి ఎన్నడూ ఎరగవు. ఒకటి ఒసాకాలో తయారైంది కావచ్చు, మరొకటి ఏ యూరప్ కంపెనీదో కావచ్చు. మధ్యలో ఎన్ని ఎక్స్ఛేంజీలున్నాయో, లైను ఎంత పాడైందో వాటికి తెలియదు. ఈ దారి మీదే కాగితం మీది బొమ్మ అవతలికి చేరాలి.

బొమ్మను తీగ మీద పంపాలన్న ఆలోచన టెలిఫోన్ కన్నా పాతది. స్కాట్లండ్‌కు చెందిన అలెగ్జాండర్ బేన్ 1843లోనే పేటెంటు తీసుకున్నాడు. జొవాన్ని కసెల్లి తయారుచేసిన పాంటెలిగ్రాఫ్ 1865లో పారిస్, లియోన్ నగరాల మధ్య ప్రజల సేవలో పనిచేసింది. ఆ తర్వాత వందేళ్లపాటు ఎవరి యంత్రం వాళ్లది, ఒకరిది ఇంకొకరితో మాట్లాడదు. జెనీవా కేంద్రంగా పనిచేసే అంతర్జాతీయ టెలికాం సంఘంలోని సీసీఐటీటీ అనే కమిటీ 1968లో మొదటి ప్రమాణం పెట్టింది. దాని ప్రకారం ఒక పేజీకి ఆరు నిమిషాలు. 1976 నాటి రెండో ప్రమాణంతో అది మూడు నిమిషాలైంది. 1980లో వచ్చిన మూడోదానికి గ్రూప్ 3 అని పేరు. పేజీకి నిమిషం, అంతకన్నా తక్కువ. మనం బూతుల్లో, ఆఫీసుల్లో చూసిన ఫ్యాక్సులన్నీ దాదాపు ఈ గ్రూప్ 3 యంత్రాలే. వాటి సంభాషణ తీరును నిర్ణయించే పత్రం పేరు టి.30, పేజీని సంకేతాలుగా మార్చే పద్ధతి చెప్పే పత్రం టి.4.

నంబరు డయల్ చేశాక పంపే యంత్రం 1100 హెర్ట్జ్ కూతను అర సెకనుపాటు వేస్తుంది, మూడు సెకన్లు ఆగుతుంది, మళ్లీ అర సెకను. పొరపాటున ఎవరింట్లోనో ఫోన్ మోగి మనిషి ఎత్తితే, అవతల యంత్రం ఉందని ఆ కూత అతనికి చెబుతుంది. మూడు సెకన్ల మౌనం జవాబు వినడానికి. వినడానికి కేటాయించిన సమయం మాట్లాడే సమయానికి ఆరు రెట్లు ఉండటం నాకు ఎంతో నచ్చే సంగతి.

ఫోన్ ఎత్తిన యంత్రం 2100 హెర్ట్జ్ కూతతో పలుకుతుంది, 2.6 నుంచి 4 సెకన్లపాటు. “టోన్ ఇవ్వండి” అని అడిగి తెప్పించుకున్నది దీన్నే. ఇది పంపేవాడికి “నేను ఫ్యాక్సునే” అని చెబుతుంది, నిజమే. అయితే దారి మధ్యలో మరొకరికి కూడా ఈ కూత ఆజ్ఞ ఇస్తుంది. దూరపు కాల్స్‌లో మన మాట మనకే తిరిగి వినపడకుండా ప్రతిధ్వనిని అణచే పరికరాలను టెలిఫోన్ కంపెనీలు పెట్టేవి. ఒకరు మాట్లాడుతుంటే అవి రెండో దిశను మూసేస్తాయి. మనుషులకు అది మేలు, యంత్రాలకు అడ్డంకి. 2100 హెర్ట్జ్ కూత విన్నప్పుడు ఆ పరికరాలు పక్కకు తప్పుకోవాలన్నది ముందే కుదిరిన ఒప్పందం. ఒకే కూత రెండు చెవుల కోసం, అవతలి యంత్రానికి పలకరింపు, మధ్యనున్న నెట్‌వర్క్‌కు సూచన.

మధ్యలో కాస్త మౌనం వస్తే ఆ పరికరాలు మళ్లీ పనిలోకి దిగవచ్చు. దానికీ విరుగుడు ఉంది. ఫ్యాక్సులో మాట్లాడే వంతు మారిన ప్రతిసారీ, అసలు విషయానికి ముందు ఒక సెకనుపాటు అర్థం లేని సంకేతం ఒకటే పనిగా పోతుంది: 01111110, మళ్లీ 01111110, మళ్లీ అదే. దారిలో ఎక్కడైనా తలుపు మూసుకుని ఉంటే ఆ సెకనులో తెరుచుకుంటుంది. అసలు మాట మొదటి అక్షరం తెగిపోదు. ఫ్యాక్సు సంభాషణలో వినపడే వణుకుతున్న కూత చాలావరకు ఇదే.

ఇక మాటలు. ఇవి సెకనుకు 300 బిట్ల వేగంతో నడుస్తాయి. 1కి 1650 హెర్ట్జ్, 0కి 1850 హెర్ట్జ్, అంతే భాష. రెండూ టెలిఫోన్ లైను మోయగల ధ్వని మధ్యలో, అంచులకు దూరంగా ఉన్నాయి. ఎంత పాడైన లైను మీదైనా ఈ రెండు స్వరాల తేడా తెలిసిపోతుంది. పేజీని 300 బిట్ల వేగంతో, కుదించకుండా పంపితే దాదాపు గంటా యాభై నిమిషాలు పడుతుంది, కాబట్టి పేజీకి ఈ భాష పనికిరాదు. కానీ ఒప్పందం కుదుర్చుకునే మాటలు పొట్టివి, వాటికి వేగం కన్నా నమ్మకం ముఖ్యం. రెండు భాషలు పెట్టుకోవాలన్న నిర్ణయమే ఈ నిర్మాణానికి పునాది. నిదానమైన గట్టి భాషలో ఒప్పందం, వేగమైన సున్నితమైన భాషలో పేజీ.

మొదట మాట్లాడేది ఎవరో గమనించండి. ఫోన్ చేసినవాడు కాదు, ఎత్తినవాడు. అచ్చువేయాల్సింది తనే కాబట్టి తనకు ఏం చేతనవునో స్వీకర్తే ముందు చెబుతుంది: ఏయే వేగాలు వచ్చు, సన్నటి గీతల ముద్రణ చేయగలనా, కాగితం వెడల్పు ఎంత, ఒక గీత అచ్చువేయడానికి ఎన్ని మిల్లీసెకన్లు కావాలి. వెంట తన ఫోన్ నంబరు కూడా పంపుతుంది. ఆ నంబరు తీగ మీద వెనక నుంచి ముందుకు, చివరి అంకె మొదటగా వెళుతుంది. పంపే యంత్రం ఈ జాబితాను తన జాబితాతో పోల్చి, ఇద్దరికీ వచ్చినవాటిలో మంచివి ఎంచి, “ఇలా పంపుతున్నాను” అని ఆజ్ఞ ఇస్తుంది. బేరం ఒక్క విడతలో ముగుస్తుంది.

ఆ జాబితాలో ఒక్కో బిట్టు ఒక్కో సామర్థ్యానికి గుర్తు. మొదట కేటాయించినవి ఇరవై నాలుగు. ఇరవై నాలుగోది మాత్రం ఏ సామర్థ్యాన్నీ చెప్పదు, “దీని తర్వాత ఇంకా ఉంది” అని చెబుతుంది. తర్వాతి వరుసల చివరి బిట్లదీ ఇదే పని. రాబోయే తరాలవాళ్లు ఏం కనిపెడతారో 1980లో ఎవరికీ తెలియదు, కానీ వాళ్లకు చోటు వదిలిపెట్టారు. తర్వాతి కాలంలో తప్పుల దిద్దుబాటు లాంటి కొత్త సామర్థ్యాలు వచ్చాయి. వాటికి జాబితాలో చోటు దొరికింది ఆ చివరి బిట్టు గుండానే. పాత యంత్రం కొత్తదానితో తనకు తెలిసిన మేరకు ఇప్పటికీ మాట్లాడగలదు.

ఇప్పుడు వేగమైన భాషకు పరీక్ష. సెకనుకు 9600 బిట్లు పంపేటప్పుడు లైను మీద సెకనుకు 2400 గుర్తులు వెళతాయి. ఒక్కో గుర్తు పదహారు రకాల్లో ఏదో ఒకటి, అంటే నాలుగు బిట్ల విలువ. ధ్వని తీవ్రతలో, దశలో ఉన్న చిన్న తేడాలను బట్టి ఏ గుర్తో పోల్చుకోవాలి. లైను ఆ ధ్వనిని ఎలా వంచుతుందో తెలియకపోతే పోల్చడం అసాధ్యం. అందుకే పంపే యంత్రం ముందుగా ఇద్దరికీ తెలిసిన ఒక నమూనాను పంపుతుంది. వినే యంత్రం “రావలసింది ఇది, వచ్చింది ఇది” అని తేడా కొలిచి, ఆ వంపును సరిచేసే లెక్క తయారుచేసుకుంటుంది. ఆ వెంటనే ఒకటిన్నర సెకనుపాటు వరసగా సున్నాలు వస్తాయి. సున్నాలన్నీ సున్నాలుగానే వినపడితే స్వీకర్త నిదాన భాషలోకి మారి “పంపు” అంటుంది. మధ్యలో ఒకట్లు దొర్లితే “కుదరలేదు” అంటుంది. అప్పుడు పంపేది వేగం తగ్గించి నమూనా దగ్గర్నుంచి మళ్లీ మొదలుపెట్టవచ్చు. 14,400, 12,000, 9600, 7200, 4800, 2400. ఇలా మెట్టు మెట్టుగా దిగుతుంది కానీ అంత తేలిగ్గా పంపడం మానదు. జవాబు రాకపోతే మూడు సెకన్లు ఆగి అదే మాట మళ్లీ చెబుతుంది. మూడుసార్లు చెప్పినా బదులు లేకపోతేనే లైను వదిలేస్తుంది.

పేజీ వెళ్లేటప్పుడు వినపడే గరగర గురించి ఒక మాట. వేగంగా పంపే ముందు బిట్లను ఒక లెక్క ప్రకారం చెదరగొడతారు, అవతల అదే లెక్కతో తిరిగి పేరుస్తారు. దానివల్ల శక్తి లైను మోయగల వెడల్పంతా సమంగా పరుచుకుంటుంది. చెవికి అది అచ్చంగా రొదలా ఉంటుంది. మధ్యమధ్య స్పష్టమైన స్వరాలు వినపడుతున్నాయంటే దారిని పూర్తిగా వాడుకోవడం లేదని అర్థం.

అసలు అందం పేజీని సంకేతాలుగా మార్చే చోట ఉంది. ఏ4 కాగితం అడ్డంగా ఒక్కో గీతకు 1728 చుక్కలు, అంటే మిల్లీమీటరుకు సుమారు 8. నిలువునా మామూలు ముద్రణలో మిల్లీమీటరుకు 3.85 గీతలు, సన్నటి ముద్రణలో 7.7. మామూలు పేజీకి దాదాపు ఇరవై లక్షల చుక్కలు. ఒక్కో చుక్కకు ఒక బిట్టు చొప్పున 9600 వేగంతో పంపినా మూడున్నర నిమిషాలు కావాలి. ఎస్టీడీ చార్జీల రోజుల్లో అది మామూలు ఖర్చు కాదు.

కాబట్టి చుక్కలను పంపరు, లెక్కలను పంపుతారు. మగ్గం మీద నేతగాడు పోగులు లెక్కపెట్టుకున్నట్టు తెల్లవి ఇన్ని, తర్వాత నల్లవి ఇన్ని, మళ్లీ తెల్లవి ఇన్ని. ఆ లెక్కలకు సంకేతాలు కట్టే పద్ధతి 1952లో డేవిడ్ హఫ్‌మన్ కనిపెట్టింది: తరచుగా వచ్చేదానికి పొట్టి సంకేతం, అరుదైనదానికి పొడుగుది. ఏది తరచుగా వస్తుందో తేల్చడానికి కమిటీ ఎనిమిది నమూనా పత్రాలను ముందు పెట్టుకుంది. ఒక ఉత్తరం, చేతితో గీసిన సర్క్యూట్ బొమ్మ, ఇన్‌వాయిసు, కిక్కిరిసిన ఫ్రెంచి పేజీ, దట్టమైన జపాన్ లిపి పేజీ వాటిలో ఉన్నాయి. మనుషులు రోజూ ఒకరికొకరు పంపుకునే కాగితాలే. వాటి నుంచే పట్టిక పుట్టింది.

ఆ పట్టికను పరికించి చూస్తే కలం పాళీ మందం అందులో కనిపిస్తుంది. అన్ని సంకేతాల్లోకీ పొట్టివి రెండే బిట్లవి, 11, 10. అవి వరసగా రెండు నల్ల చుక్కలకు, మూడు నల్ల చుక్కలకు దక్కాయి. మిల్లీమీటరుకు 8 చుక్కల లెక్కన అది పావు మిల్లీమీటరు నుంచి మూడో వంతుకు కాస్త పైన. కలం గీత, టైపు అక్షరపు కాడ ఉండే మందం అదే. తెలుపుకు పట్టిక వేరు. ఎందుకంటే కాగితం మీద తెలుపు ఎడాలు పొడుగువి, నలుపు పొట్టిది. 1728 చుక్కలూ తెల్లగా ఉన్న ఖాళీ గీతకు సంకేతం మొత్తం 17 బిట్లు. వంద రెట్లు కుదించుకుపోయింది.

ప్రతి గీత చివర పదకొండు సున్నాలు, ఒక ఒకటి. పట్టికలోని ఏ సంకేతాలను ఏ వరసలో పేర్చినా పదకొండు సున్నాలు ఒకచోట చేరవు, అలా చూసి మరీ పట్టిక కట్టారు. కాబట్టి లైనులో చిటపటల వల్ల ఒక గీత చెడితే, స్వీకర్త తికమకపడినా పదకొండు సున్నాలు వినగానే “కొత్త గీత మొదలైంది” అని కుదురుకుంటుంది. చెడేది ఆ ఒక్క గీతే. ఈ సున్నాల వరసలోనే ఇంకో ఉపకారం కూడా ఉంది. అవతలి ముద్రణ యంత్రం నిదానమైనదైతే, ఖాళీ గీతలు మరీ వేగంగా వచ్చిపడతాయి, వేడి ముద్రణ తల అందుకోలేదు. అప్పుడు పంపేది గీత చివరి గుర్తుకు ముందు కావలసినన్ని సున్నాలు అదనంగా చేరుస్తుంది. పదకొండు సున్నాలున్నా, నూట పదకొండున్నా అర్థం మారదు. స్వీకర్త మొదట్లో చెప్పిన మిల్లీసెకన్ల లెక్క ఇక్కడ ఉపయోగపడింది. పని రానివాడిని తొందరపెట్టకుండా, వాడికోసం మొత్తం భాషను మార్చకుండా, మౌనాన్ని భాషలోనే ఇమిడ్చారు.

జపాన్‌వాళ్లు ఒక అడుగు ముందుకు వేశారు. వేల కంజి అక్షరాలున్న భాషకు టెలిప్రింటర్ కీబోర్డు సరిపోదు, చేత్తో రాసింది రాసినట్టు పంపే యంత్రం వాళ్లకు అవసరం. వాళ్లు ప్రతిపాదించిన పద్ధతికి కొద్ది మార్పులు చేసి టి.4లో చేర్చారు. అందులో గీతను పై గీతతో పోల్చి చెబుతారు. నిలువు కాడకు రెండు అంచులుంటాయి. పై గీతలో ఉన్నచోటే ఈ గీతలోనూ అంచు ఉంటే ఒక్క బిట్టుతో సరిపోతుంది. ఒక చుక్క అటో ఇటో జరిగితే మూడు బిట్లు, రెండు చుక్కలైతే ఆరు, మూడైతే ఏడు. అంతకన్నా ఎక్కువ జరిగితే, లేదా కొత్త నలుపు పుడితే, పాత పద్ధతిలో పొడవులు చెబుతారు. పై గీతలో ఉన్న నలుపో తెలుపో ఇక్కడ అంతమైపోతే “దాన్ని దాటెయ్” అనే సంకేతం వేస్తారు.

ఇది మన లిపికి ఎలా పనిచేస్తుందో ఒక సున్నతో చూడొచ్చు. నాలుగు మిల్లీమీటర్ల సున్న సన్నటి ముద్రణలో ముప్పై ఒక్క గీతల ఎత్తు ఉంటుంది. పైన నలుపు పుట్టేచోట పొడవులు చెప్పాలి. ఇంకో రెండు మూడు గీతల్లో వంపు చకచకా విచ్చుకుంటుంది, అక్కడా పొడవులే. లోపలి తెలుపు తెరుచుకునేచోట మళ్లీ పొడవులు. ఆపైన రెండు పక్కలా నాలుగు అంచులు కిందికి దిగుతుంటే ఒక్కో అంచుకు ఒకటో మూడో బిట్లు. అడుగున వంపు ముడుచుకునేటప్పుడు ఇంకోసారి పొడవులు, లోపలి తెలుపు మూసుకున్నచోట “దాటెయ్,” బయటి నలుపు ముగిసినచోట “దాటెయ్.” మూడు రకాల సంకేతాలూ ఒక్క సున్నలో ఉన్నాయి. ఆ ఎనిమిది నమూనా పత్రాల్లో తెలుగు లేదు. అయినా పట్టిక కట్టినవాళ్లు అక్షరాల వెంట కాక అంచుల వెంట వెళ్లారు కాబట్టి మన గుండ్రటి లిపి ఇబ్బంది లేకుండా నడిచింది. జిల్లాల్లో విలేకరులు చేత్తో రాసిన తెలుగు వార్తను అలాగే డెస్కుకు పంపగలిగారు. టెలిగ్రాములో అయితే రాసింది రాసినట్టు వెళ్లేది కాదు.

పై గీత మీద ఆధారపడితే ఒక ప్రమాదం ఉంది. పై గీత తప్పైతే కింది గీతలన్నీ తప్పు. అందుకని మామూలు ముద్రణలో ప్రతి రెండో గీతను, సన్నటి ముద్రణలో ప్రతి నాలుగో గీతను దేనితోనూ పోల్చకుండా స్వతంత్రంగా పంపాలన్నారు. రెండు, నాలుగు అనే అంకెలు ఎందుకు? సన్నటి ముద్రణలో గీతల మధ్య ఎడం సగమే. నాలుగు సన్నటి గీతల ఎత్తు, రెండు మామూలు గీతల ఎత్తు ఒకటే. అంటే తప్పు జరిగినా కాగితం మీద పాడయ్యే మేర రెండు సందర్భాల్లోనూ అంతకు మించదు. కాగితం చదివే మనిషి కంటిని దృష్టిలో పెట్టుకుని తీసుకున్న నిర్ణయం అది.

పేజీ అయిపోగానే మళ్లీ నిదాన భాష. “ఇంకో పేజీ ఉంది” అనో “ఇంతే” అనో పంపేది చెబుతుంది, “అందింది” అని స్వీకర్త ఒప్పుకోవాలి. బయటికి వచ్చే చీటీ మీద ‘ఓకే’ అని పడటానికి ఆధారం ఈ ఒప్పుకోలే. తర్వాత వచ్చిన తప్పుల దిద్దుబాటు పద్ధతిలో దీనికి మరింత పట్టు వచ్చింది. పేజీని 256 బైట్ల ముక్కలు చేస్తారు, ఒక విడతకు 256 ముక్కల వరకు. ఒక్కో ముక్క సరిగా వచ్చిందో లేదో తేల్చే లెక్క దాని వెంటే ఉంటుంది. స్వీకర్త 256 బిట్ల జవాబు ఇస్తుంది, ముక్కకు ఒక బిట్టు. చెడిన ముక్కలే మళ్లీ వెళతాయి. తప్పు ఉండదన్న భరోసా వచ్చాక ఆ పదకొండు సున్నాల అవసరమే తీరిపోయింది. ఈ పద్ధతిలో గీతలన్నిటినీ పై గీతతోనే పోల్చి, గీత చివరి గుర్తులు లేకుండా పంపే మరింత బిగువైన సంకేతాన్ని వాడగలిగారు.

ఈ నిర్మాణానికి కష్టం వచ్చింది తీగలు పోయినప్పుడు. ఇంటర్నెట్ మీద నడిచే ఫోన్లలో గొంతును సెకనుకు 8000 బిట్లకు కుదించే పద్ధతులున్నాయి. మనిషి నోరు ఎలాంటి ధ్వని పుట్టిస్తుందో ఊహించి అవి పనిచేస్తాయి. ఫ్యాక్సు గరగరను ఏ మనిషి నోరూ పుట్టించలేదు, కాబట్టి అది ముక్కలై చేరుతుంది. కుదించకుండా పంపినా దారిలో ఒక ప్యాకెట్ జారిపోతే గుర్తుల వరస తప్పుతుంది. 1998లో వచ్చిన టి.38 ప్రమాణం ఇంకో దారి పట్టింది. ఫోన్ లైనుకూ ఇంటర్నెట్‌కూ మధ్య ఉండే ఇవతలి గేట్‌వే తనే ఫ్యాక్సు చెవితో విని, ధ్వనిలోంచి బిట్లను విడదీసి, బిట్లనే ప్యాకెట్లలో పంపుతుంది. ఒక్కో ప్యాకెట్ వెంట దాని ముందు ప్యాకెట్ల నకలు కూడా పెట్టవచ్చు, ఒకటి పోయినా తర్వాతిదాంట్లో దొరుకుతుంది. అవతలి గేట్‌వే ఆ బిట్లను తిరిగి కూతలుగా మారుస్తుంది. నెట్‌వర్క్‌లో ఆలస్యమైతే ఎదురుచూసే పాత యంత్రం మూడు సెకన్లలో ఓపిక పట్టలేక మాట తిరిగి మొదలెడుతుంది. దాన్ని ఆపడానికి గేట్‌వే వాడుకునేది టి.30 పత్రంలో ముందునుంచీ ఉన్న ఉపాయాన్నే. అసలు జవాబు చేరేదాకా 01111110, 01111110 అని ఆ అర్థం లేని సంకేతాన్ని పంపుతూ ఉంటుంది.